రెండు గుటకలు

మా క్లినిక్‌లో అందరూ పగలే నిద్రపోతారు.

గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు పైన రెండో అంతస్తు. కిటికీలకు ఆకుపచ్చ పరదాలు. మెదడు పరీక్షకు ముందురోజు రాత్రంతా మేలుకొని రమ్మని పేషంట్లకు చెబుతాం. వచ్చినవాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, పాయలు తీసి, తల చర్మం మీద చల్లటి జిగురు పెట్టి వైర్లు అతికిస్తాను. కాసేపటికి ఊపిరి మారుతుంది. తెర మీద గీతలు నెమ్మదిస్తాయి, ఆరేసిన చీర మీద గాలి తగ్గినట్టు. బయట అబిడ్స్ సర్కిల్ హారన్లు మోగుతూనే ఉంటాయి. పరదా దాటి లోపలికి వచ్చేసరికి అవి ఎక్కడో దూరపు ఊరి చప్పుళ్ళలా ఉంటాయి. ఇరవై ఆరేళ్ళుగా ఇతరుల నిద్రల మధ్య కూచుంటున్నాను. నేను అక్కడ అటెండర్‌ని. నా పేరు రాజనర్సు.

కొందరు వైర్లు చూసి భయపడతారు. ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "గిందుల మనసుల మాట కనవడ్తదా?" అని అడిగాడు. ఏం దాచుకున్నాడో. లేదని చెప్పి పడుకోబెట్టాను.

ఆయన నిద్రపోయాక డాక్టరుగారు చాయ్ తాగుతూ నవ్వారు. అమరేశ్వరరావు గారిది గుంటూరు వైపు.

"నిజం చెప్పడానికి బుర్రకి పెద్ద పనేం లేదయ్యా రాజనర్సూ. ఉన్నది తీసి ఇవ్వడమే. అబద్ధానికి చాకిరీ ఎక్కువ. ముందు నిజమే గుర్తొస్తుంది. దాన్ని నొక్కిపట్టాలి. దాని చోట ఇంకోటి కట్టాలి. ఎదుటివాడు నమ్ముతున్నాడో లేదో మొహం కనిపెట్టుకుని ఉండాలి. అంతా ఇక్కడే," అని నుదుటి మీద వేలితో కొట్టుకున్నారు. "అందుకే కొత్త అబద్ధం తడబడుతుంది."

"పాతదైతే సార్?"

"పాతదైతే ఏముంది, అరిగిన మెట్టు. కాలు దానంతటదే పడుతుంది. ఇంకో చిత్రం విను. జ్ఞాపకాన్ని తీసి చూసుకున్నప్పుడల్లా బుర్ర దాన్ని మళ్ళీ రాసి లోపల పెడుతుంది. ఒకే అబద్ధం పదేపదే చెప్పావనుకో, కొన్నాళ్ళకి అది కూడా జ్ఞాపకాల వరసలో పీట వేసుకుని కూచుంటుంది."

"అప్పుడు నిజమేమైతది సార్?"

"ఎవరూ పిలవని చుట్టం రావడం మానేస్తుంది. ఏం, ఎందుకడుగుతున్నావ్?"

"ఊకెనే సార్."

ఊరికే అడగలేదు.

*

నా భార్య అనసూయ మూడేళ్ళ కిందట పోయింది. కాలేయం చెడింది. నాంపల్లిలో ఒక దవాఖానలో పదకొండు రోజులుంది. పది రోజులూ నా బిడ్డ రజని పక్కనే కూచుంది. పదకొండో రోజు మధ్యాహ్నం నేనే ఆమెను ఇంటికి పంపాను. "పోయి జర పండుకో బిడ్డా. నేనుంట," అన్నాను.

ఉండలేదు. అనసూయ మూలుగుతోంది. ఆ మూలుగు నాకు పడలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు నాకు వండిపెట్టిన మనిషి. మెట్లు దిగి పబ్లిక్ గార్డెన్‌కు పోయి ఒక బెంచీ మీద పడుకున్నాను. నిద్ర పట్టింది. అలసిపోయానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. అలసిపోవడం కాదు, వదిలేసి పోవడం.

తిరిగి వచ్చేసరికి మంచం చుట్టూ తెర కట్టి ఉంది. ముఖం మీద దుప్పటి. దిండు ఒక పక్క తడిగా ఉంది. స్టూలు మీద స్టీలు గ్లాసు, అడుగున కాసిని నీళ్ళు. ఎవరో ఆమెకు చివరి నీళ్ళు పోశారు. ఎవరని నేను అడగలేదు. ఫోన్ తీసి రజనికి చేశాను.

"మీ అమ్మ పోయింది బిడ్డా."

"ఒక్కతే ఉండంగ పోయిందా బాపూ?"

మొదట అడిగింది అదే. మావాళ్ళలో నోట్లో నీళ్ళు పడకుండా మనిషి పోతే అది ఇంటిల్లిపాది తప్పు. తరాలు చెప్పుకుంటారు.

"లే బిడ్డా. నేనే ఉన్న. నీళ్ళు పోసిన. రెండు గుటకలు తాగింది. రజని తిన్నదా అని అడిగింది. గంతే."

కొత్త అబద్ధం తడబడాలి. నాది తడబడలేదు. తడబడిందేమో, ఏడుపులో కలిసిపోయింది. నీళ్ళు నిజం, దిండు నిజం. పోసిన చెయ్యి ఒక్కటే నాది కాదు.

ఫోన్ జేబులో పెట్టుకుంటుండగా నా కొడుకు ఎల్లేష్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో కింద కౌంటర్‌లో రాయించిన కాగితం. చొక్కా చేతి మడత తడిగా ఉంది.

"ఎటు పోయినవ్ బాపూ?" అన్నాడు.

నేను దుప్పటి అంచు సరిచేశాను.

అరగంటలో రజని వచ్చింది. వాడు ఆమెతో, "అక్కా, నీళ్ళు నేను పోసిన. బాపు లేకుండె," అన్నాడు. రజని నా ముఖం చూసింది. అప్పుడు ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. "నేను ఫోన్ చేసినంక వచ్చిండు వీడు," అన్నాను. మొదటిది నిలబడాలంటే రెండోది కావాలి.

ఎల్లేష్ చిన్నప్పటినుంచీ అబద్ధాలకోరు. తల్లి కమ్మలు అమ్ముకొని, నల్లా కాడ పడిపోయాయని వెతికించినవాడు. నేను అబద్ధమాడని మనిషిని. ఆడినవాణ్ణి గడప తొక్కనివ్వని మనిషిని. మా ఇద్దరిలో బిడ్డ ఎవరిని నమ్ముతుంది? తమ్ముడి చెంప మీద కొట్టింది. "సచ్చిన తల్లి మీద గూడ అబద్ధమేనారా లత్కోర్!" అంది. వాడు చెంప తడుముకోలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు.

అంతే. మూడేళ్ళు అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. నేను రజని దగ్గరే ఉంటాను, నాంపల్లి స్టేషన్ పక్క గల్లీలో. వాడి కిరాయి గది ఏక్ మినార్ మసీదు వెనక. బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పని. మా ఇంటినుంచి వాడి గదికి ఏడు నిమిషాలు నడక.

*

చుట్టాలందరూ అడిగారు. అందరికీ చెప్పాను. చెప్పినప్పుడల్లా కొంచెం పెరిగింది. పదో రోజున ఆమె చెయ్యి చల్లగా ఉందన్నాను. నెల మాసికానికి ఆమె నా వేళ్ళు పట్టుకుంది. సంవత్సరీకం నాటికి కిటికీలోంచి ఎండ వచ్చి గ్లాసులో నీళ్ళ మీద పడింది. ఎవరూ అడగని ఎండ అది. నేనే తెచ్చాను.

తర్వాత ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పోతున్నాను. మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. జనం వంగి ఏరుకుంటున్నారు. చిన్న జల్లు కురిసి ఆగింది. పుస్తకాల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టాలు మెరిసిపోతున్నాయి. ఆ మెరుపులో నాకు గ్లాసు కనిపించింది. గ్లాసు వెనక ఆమె గొంతు. గొంతులో నీళ్ళు దిగడం, ఒకసారి, రెండోసారి. ఎవరికీ చెప్పడం లేదు. ఎవరూ అడగలేదు. నాకే కనిపించింది. నా వేళ్ళ మీద ఆమె పెదవి తగిలిన తడి కూడా తెలిసింది. ఎవరో భుజం తగిలించి, "జర హటో చాచా," అనేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.

ఆ రోజునుంచి అది పిలవకుండానే వచ్చేది. క్లినిక్‌లో పేషంటు నిద్రలోకి జారుతున్నప్పుడు, తెర మీద గీతలు పెద్దవై మెల్లగా ఊగుతున్నప్పుడు, నా కళ్ళు కూడా బరువెక్కేవి. ఎండ, గ్లాసు, రెండు గుటకలు. హాయిగా ఉండేది. అదే నాకు సిగ్గు. పబ్లిక్ గార్డెన్ బెంచీని గుర్తు చేసుకోవాలని కూచుంటే ఏమీ వచ్చేది కాదు. పచ్చగా ఏదో అలుక్కుపోయేది.

ఎల్లేష్ నిజంగానే తర్వాత వచ్చాడేమోనని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. అంతదాకా పోయాను.

*

పోయిన నెల ఎల్లేష్ మా గడప దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. తలుపు చట్రం పట్టుకొని నిలబడ్డాడు.

"అక్కా, బిడ్డ పుట్టింది. వచ్చే ఐతారానికి ఇరవై ఒక్క దినాలు. తొట్టెల ఏస్తున్నం."

రజని బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "నాకెందుకు జెప్తున్నవ్?"

"మేనత్తవు నువ్వు. నువ్వు రాకుంటె బిడ్డ చెవుల పేరెవలు జెప్తరు?"

"నీ దోస్తులు లేరా? అందరు కలిసి ఒక అబద్ధం పేరు పెట్టున్రి."

"అమ్మ పేరే పెడ్తున్న."

రజని చేతులు ఆగాయి. చేట కింద పెట్టి అంది: "అమ్మ పేరెత్తెటందుకు నీకు నోరెట్లొచ్చిందిరా? ఒక్క మాట ఒప్పుకో. ఆనాడు నేను లేను, అబద్ధం జెప్పిన అను. అన్నవా, వస్త. నా చేతుల మీద తొట్టెలేస్త."

"గదొక్కటి తప్ప ఏదన్న అడుగు అక్కా. నా జిందగీల జెప్పిన నిజమే గదొక్కటి."

"అయితే అమ్మనే అడుగుదాం," అంది రజని. "శనివారం పొద్దుగాల రా."

సోది అడిగిస్తుందని అప్పుడు అర్థమైంది. మా ఊళ్ళోనూ ఉండేది. ఇంట్లో మనిషి పోతే ఎరుకల అవ్వను పిలిచి, చేటలో బియ్యం పోసి, పోయినవాళ్ళను ఆమె నోట పలికించేవాళ్ళు. ఏ చీర కావాలి, ఎక్కడ ఏం దాచావు, ఎవరిమీద మనసుంది, ఇవే అడిగేవాళ్ళు. సాక్ష్యానికి పిలిచినవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు.

శనివారం అవ్వ వచ్చింది. స్టేషన్ వైపు గంప పట్టుకొని తిరిగే మనిషే. రజని చాయ్ ఇచ్చి, చేటలో బియ్యం పోస్తూ, పసుపు కలుపుతూ, తమలపాకులు కడుగుతూ మొత్తం కథ చెప్పేసింది. చెబుతున్నానని ఆమెకు తెలియదు. "మా అమ్మ రెండు గుటకలే తాగిందవ్వా" అంది. "అంత పాణం పోతుంటె గూడ నేను తిన్ననా అని అడిగింది" అంది. అవ్వ ఊఁ కొట్టింది. అంతా వింది. నేను గోడకానుకొని కూచున్నాను. ఎల్లేష్ గడప దగ్గరే.

అవ్వ కళ్ళు మూసింది. బియ్యం మీద వేళ్ళు తిప్పుతూ సన్నగా పాడసాగింది. ఊళ్ళ పేర్లు, దేవతల పేర్లు, దారిలో వాగులు. గదిలో ఊదు పొగ. పాట సాగుతున్నకొద్దీ బయట ఆటోల చప్పుడు వెనక్కి జరిగిపోయింది, క్లినిక్ హారన్లు పరదా వెనక్కి పోయినట్టే. పాట ఎక్కడ ఆగిందో, మాట ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"బిడ్డా రజనీ."

రజని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అమ్మా! సల్లగున్నవా?"

"సల్లగున్న బిడ్డా. మీ బాపు చేతులకెల్లి రెండు గుటకలు తాగిన. దూప తీరింది. రజని తిన్నదా అని అడిగిన. నీ మీదనే పాణం పెట్టుకొని పోయిన బిడ్డా."

నా మాటలు. ఒక్కటి తప్పకుండా నా మాటలే. నేను ఫోన్‌లో కట్టినవి, పదిమందికి చెప్పి నునుపు చేసినవి, చచ్చిన మనిషి నోటినుంచి నా దగ్గరికి తిరిగి వచ్చాయి. వెంటనే ఎండ వచ్చింది. గ్లాసు వచ్చింది. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. అనసూయే చెబుతోంది కదా, ఇంక నువ్వెవడివి కాదనడానికి అనిపించింది.

ఎల్లేష్ గడప దగ్గరినుంచి అడిగాడు. గొంతు పిల్లవాడిదిలా ఉంది.

"అమ్మా, నేను రాలేదా మరి?"

అవ్వ కళ్ళు సగం తెరిచింది. వాణ్ణి చూసింది, రజనిని చూసింది. చివరికి నా వైపు చూసింది. ముఖం కాదు, నా కాలు చూసింది. అది ఆడుతోంది. ఆడుతోందని ఆమె చూసేదాకా నాకు తెలియలేదు. ఆమెకు తెలిసిపోయింది. ఒక పనివాడు ఇంకొక పనివాడి చెయ్యి గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది.

"మబ్బులు గమ్మినయి కొడుకా," అంది నెమ్మదిగా. "ఎవలొచ్చిన్రో ఎవలు పోయిన్రో కనవడలే."

కళ్ళు మళ్ళీ మూసుకుంది. పాట సన్నబడి ఆగింది. బియ్యం, ఆకులు, రవికె గుడ్డ గంపలో సర్దుకొని, నా వైపు మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయింది.

రజని కళ్ళు తుడుచుకుంది. "విన్నవుగా తమ్మీ," అంది. కోపం లేదు. అలసట. "ఇగ ఒప్పుకో."

వాడు నేలను చూస్తున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"రజనీ. ఆమె జెప్పింది నా అబద్ధం. వాడు... వాడే పోసిండు. నేను లేను."

"ఏంది బాపూ?"

"నేను ఆడ లేకుంటి. గార్డెన్ల... పండుకున్న."

మూడేళ్ళు మోసిన మాట. బయటికి వచ్చేసరికి అది నా మాటలా లేదు. ఎవరో రాసిచ్చిన కాగితం చదువుతున్నట్టుంది. రజని నా ముందు కూచుంది. మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఏ గార్డెన్ బాపూ?"

"పబ్లిక్ గార్డెన్."

"ఆడ యాడ?"

"బెంచీ మీద. మ్యూజియం దిక్కు... కాదు, అసెంబ్లీ దిక్కు గేటు... చెట్టు కింద."

"ఎన్నిటికి పోయినవ్?"

"రెండింటికి. రెండున్నర గావచ్చు."

"ఎన్నిటికొచ్చినవ్?"

గుర్తు రాలేదు. వెతికాను. బెంచీ లేదు, గేటు లేదు, పచ్చగా అలుక్కుపోయిన ఏదో ఉంది. దాని మీద ఎండ పడుతున్న గ్లాసు. ఎంత తోసినా గ్లాసే ముందుకొస్తోంది.

రజని నవ్వింది. తల్లి నవ్వినట్టు నవ్వింది.

"బాపూ, నీకు అబద్ధమాడుడు రాదు. గ్లాసుల ఎండ పడ్డది, నీళ్ళు మెరిసినయి, మీ అమ్మ నా ఏళ్ళు పట్టుకున్నది అని నువ్వు జెప్తుంటె నాకు కండ్ల ముందల కనవడ్తుండె. ఇప్పుడు జూడు, గేటేదో గూడ నీకే తెల్వది. కొడుకును దగ్గరికి తీసుకోవాలని ఉంటె తీసుకో. గాని వాని కోసం గింత పాపం నెత్తినేసుకోకు."

"నిజం బిడ్డా."

"ఔ ఔ, నిజమే. ఊకో."

నేను ఎల్లేష్‌ను చూశాను. నేను మొదలుపెట్టినప్పుడు వాడి ముఖం వెలిగింది. మూడేళ్ళలో నేను చూడని వెలుగు. నేను గేటు కోసం తడుముకుంటుండగా అది ఆరిపోయింది. అక్క నమ్మడం లేదని వాడికి నాకంటే ముందే అర్థమైంది. నమ్మని మనుషుల ముందు నిలబడటం వాడికి అలవాటే.

వాడు మాట్లాడే ముందు ఊపిరి ఒకటి ఆగింది. గొంతు కదిలింది. చూపు అక్క ముఖం మీదికి పోయి, అక్కడే నిలబడింది, కనిపెట్టుకుంటూ. చిన్నప్పటినుంచీ వాడి అబద్ధాలు ఎన్నో విన్నాను. ఒక్కదానికీ ఇంత కష్టపడలేదు.

"అక్కా, బాపును అడగకు ఇగ. నా కోసం జెప్తున్నడు. ఆనాడు నేను పోలే. బాపు ఫోన్ చేసినంకనే పోయిన. ఊకెనే జెప్పిన."

"అమ్మ మీద ఒట్టా?"

"ఒట్టు."

రజని లేచి పోయి వాణ్ణి పట్టుకుంది. వీపు మీద రెండు దెబ్బలు వేసి ఏడ్చింది. "గీ ముక్క ఆనాడే జెప్తె ఏంబోయింది గాడిదా. మూడేండ్లు. గీడికెల్లి ఆడికి పోయెటందుకు మూడేండ్లు." వాడు అక్క భుజం మీదుగా నన్ను చూస్తున్నాడు. ఆ చూపులో నాకు ఇవ్వడానికి ఏమీ లేదు.

*

ఆదివారం పదకొండింటికి ఏక్ మినార్ వెనక ఆ గదిలో తొట్టెల వేశారు. దూలం లేదు. ఫ్యాన్ కొక్కేనికి తాడు కట్టి తల్లి చీర వేలాడదీశారు. రజని కొత్త చీర కట్టుకుంది. పాపను మూడుసార్లు ఊపి, వంగి, చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. అనసూయ. అనసూయ. అనసూయ. ఆడవాళ్ళు నవ్వారు. "గట్టిగ జెప్పు, మేనత్తకు భయమేంది?" అని ఎవరో ఎగతాళి చేశారు. నాకు ఆ గదిలో గాలి ఆడలేదు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను.

కింద గల్లీలో ఎండ తెల్లగా పరుచుకొని ఉంది. స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ వినిపిస్తోంది, ఏ రైలో తెలియడం లేదు. కాసేపటికి ఎల్లేష్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎందుకట్లన్నవ్ రా?"

"మరేం జెయ్యాలె? నీకు నిజం జెప్పరాలే. నాకు అబద్ధం ఎప్పటికెల్లో వచ్చు." బీడీ తీశాడు, వెలిగించలేదు. "అక్క రావాలె. వచ్చింది."

"నేను మళ్ళ జెప్త రజనికి. నిమ్మళంగ."

"జెప్పు. ఎన్నిసార్లు జెప్తె అంత బాగ అబద్ధం లెక్కనే ఉంటది."

నేను ఒక మెట్టు దిగబోయి ఆగాను. అడగాలనుకున్నది ఒకటి ఉండిపోయింది. మూడేళ్ళలో వాణ్ణి ఒక్కసారి కూడా అడగనిది. అడిగితే ఒప్పుకున్నట్టని అడగలేదు.

"ఎల్లేషూ. మీ అమ్మ ఆఖరుకు ఏమన్న అన్నదారా?"

వాడు నా వైపు తిరిగాడు. ముఖంలో కోపం ఉంటే బాగుండేది.

"అన్నది."

"ఏమన్నది?"

"నీ కాడ ఒకటున్నది గద బాపూ. రజని తిన్నదా అని. అందరికి జెప్పుకున్నవ్. గదే పెట్టుకో."

"ఒక్కసారి జెప్పురా."

"జెప్ప. గది నాది. నా బిడ్డ పెద్దగైతె దానికి జెప్త. నీకు జెప్ప."

లోపల పాప ఏడ్చింది. వాడు బీడీ జేబులో వేసుకొని, చెప్పులు విడిచి వెళ్ళాడు.

నేను మెట్ల మీదే ఉండిపోయాను. ఆ మాట ఏమై ఉంటుందా అని ఊహించబోయాను. అనసూయ పెదవులు కదలడం మొదలైంది కూడా. వెంటనే కళ్ళు తెరిచి గల్లీలో పోయే జనాన్ని చూశాను. ఊహిస్తే అది కూడా నాకు గుర్తుండిపోతుంది.